"కడప రేడియో సింహం" ఫార్వర్డు మీద ఒక స్కోరర్ గొడవ

ఈ వారంలో అదే మెసేజ్ నాకు పదకొండోసారి వచ్చింది. ముందు మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత మా బావమరిది, నిన్న పొద్దున పాలు పోసే అబ్బాయి కూడా "అన్నా, ఇది చూసినావా? మీ సారే కదా" అని పంపాడు. పైన "కడప రేడియో సింహం" అని ఎర్ర అక్షరాలు, కింద ఆరు పాయింట్లు, అన్నిటికన్నా అడుగున "నిజమైన సీమ బిడ్డవైతే పది మందికి పంపు". నేను ఒక్కరికీ పంపలేదు. నా సీమ పౌరసత్వం ఏమవుతుందో చూడాలి.

సింహం అంటే మా డ్రిల్లు సారు. ఆదివారం సాయంత్రం రేడియోలో పావుగంట ఆటల కబుర్లు చెప్పేవారే, ఆయన. మెసేజ్ ప్రకారం 1983 వరల్డ్ కప్‌లో జింబాబ్వే మీద కపిల్ దేవ్ కొట్టిన 175 పరుగులను కడప స్టూడియోలో కూర్చుని తెలుగులో లైవ్ కామెంటరీ చెప్పారు. ఒక మంత్రిని ఏకిపారేసినందుకు రాత్రికి రాత్రి ఉద్యోగం పోగొట్టుకున్నారు. మైకులో తిట్టి తిట్టి వందల మంది ఆటగాళ్లను తయారుచేశారు. కడపకు స్టేడియం తెప్పించారు. మన జిల్లా నుంచి ఇండియా మహిళల జట్టుకు ఆడుతున్న శ్రీచరణికి స్ఫూర్తి ఆయన ప్రోగ్రామే. ఒక మాజీ ఇండియా కెప్టెన్ ఆయన గొంతును మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. పక్కన ఫొటో ఒకటి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న తెల్లాయన ఎవరో. సారును చూసినవాళ్లెవరూ ఆ ఫొటో దాటి కిందికి చదివి ఉండకూడదు, కానీ చదివారు, పంపారు కూడా.

సారు మీద నాకు కోపం లేదు, ముందే చెప్తున్నా. తాలూకా మ్యాచుల స్కోర్లు చిత్తు కాగితం మీద రాసుకుని ఆయన సైకిల్ క్యారియర్‌కు బిగించి పంపిన పిల్లల్లో నేనొకణ్ణి. ఆయన ప్రోగ్రాంలో మైదుకూరు, బద్వేలు కుర్రాళ్ల పేర్లు వినిపించాయంటే అందులో సగం నా చేతిరాతే. అందుకే ఒళ్లు మండుతోంది.

ముందు ఆ 175. 1983 జూన్ 18, ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జ్ వెల్స్, 17 పరుగులకే మనవాళ్ల 5 వికెట్లు పోయాయి, అక్కడి నుంచి కపిల్ 138 బంతుల్లో 175 నాటౌట్, కిర్మాణీతో విడిపోని తొమ్మిదో వికెట్‌కు 126. ఈ అంకెలన్నీ మెసేజ్‌లో కరెక్టుగానే ఉన్నాయి, ఎక్కడో కాపీ కొట్టారు కాబట్టి. కానీ ఆ రోజు ఆ గ్రౌండులో టీవీ కెమెరా లేదనే సంగతి క్రికెట్ చూసే ప్రతి ఇంట్లో ఏడాదికోసారైనా చెప్పుకుంటారు. మరి కడప స్టూడియోలో కూర్చున్న మనిషి ఏం చూసి చెప్పాడప్పా? దేవుని కడప గుడి గోపురం ఎక్కి చూశాడా? ఇంకొక మాట, అప్పటికి మన జిల్లాలో చాలామందికి తెలిసిన క్రికెట్ అంటే హిందీ, ఇంగ్లీషు కామెంటరీల్లో చెవికి అందినంతే. కడప స్టేషన్ వచ్చే 900 కిలోహెర్ట్జ్ మీద తెలుగులో కపిల్ సిక్సర్లు లైవ్‌గా వచ్చి ఉంటే ఆ పూట ఏడు రోడ్ల దగ్గర ఒక్క బస్సు కదిలేది కాదు, ఆ సంగతి ఇవాళ మెసేజ్ చూసి తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికీ ఉండేది కాదు.

కెప్టెన్ ఉత్తరం: ఏ కెప్టెన్, ఏ సంవత్సరం, ఏ భాషలో? పేరు లేదు. తర్వాతి పాయింటు.

స్టేడియం: పేరు ఎవరిదో గేటు మీదే రాసి ఉంది, ఆంధ్రా క్రికెట్ అసోసియేషన్ గ్రౌండు అది. సారు అడిగింది స్టేడియం కాదు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో తాగేందుకు ఒక నీళ్ల కుళాయి. అది వచ్చింది. దాని గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

శ్రీచరణి దగ్గరికి వచ్చేసరికి మాత్రం సిగ్గుండాలి. ఎర్రమల్లె నుంచి వెళ్లిన పిల్ల, 2025 మహిళల వరల్డ్ కప్‌లో 14 వికెట్లు, మన జట్టులో దీప్తి శర్మ తర్వాత ఎక్కువ వికెట్లు తనవే. తాను పుట్టింది 2004 ఆగస్టులో. సారు చివరి ప్రోగ్రాం చేసింది అదే ఏడాది సంక్రాంతి ముందర. పుట్టకముందే రేడియో విని స్ఫూర్తి పొందడానికి ఆ పిల్ల అభిమన్యుడా? ఒక ఆడపిల్ల ఎడమచేత్తో బంతి తిప్పి కప్పు తెస్తే, దాని వెనక తప్పకుండా ఒక మగాయన గర్జన ఉండాలని ఎవరికి అంత ఆత్రం?

ఇక మంత్రి, ఉద్యోగం. సారుకు రేడియోలో ఉద్యోగం ఉంటే కదా పోవడానికి. ఆయన ఉద్యోగం స్కూల్లో, పీఈటీ. రేడియోలో ఆయన క్యాజువల్. క్యాజువల్ అంటే నెలకు ఇన్ని డ్యూటీలని పిలుస్తారు, అనౌన్సర్లకైతే ఆరు దాటకూడదు, ఆ మేరకు డబ్బు వస్తుంది, అంతే. క్యాజువల్‌ను "రాత్రికి రాత్రి తీసేయడం" అనేది ఉండదు, మళ్లీ పిలవకపోవడమే ఉంటుంది. ఆయన్ని ఇరవై రెండేళ్లు పిలుస్తూనే ఉన్నారు. ఆపింది ఆయనే, గొంతు బొంగురు పోయి డాక్టరు అరవొద్దన్నాడని. పైగా అప్పట్లో ఆ ప్రోగ్రాం లైవ్ కాదు. ముందు కాగితం మీద రాసివ్వాలి, దాన్నొకరు చదవాలి, తర్వాత టేపు మీద రికార్డు చేయాలి, దాన్ని ఇంకొకరు వినాలి, ఏది ఎప్పుడు వేయాలో చెప్పే క్యూ షీట్ రాయాలి. ఆకాశవాణికి ప్రసార నియమావళి ఒకటుంది. మతాల మీద దాడి కుదరదు, పరువు తీసే మాట కుదరదు, పార్టీని పేరు పెట్టి తిట్టడం కుదరదు. ఇన్ని జల్లెడలు దాటుకుని మంత్రిని ఏకిపారేసిన మాట ఆదివారం సాయంత్రం మీ ట్రాన్సిస్టర్‌లోకి ఎలా వచ్చిందో ఆ మెసేజ్ రాసినాయన చెప్పాలి.

రేడియోలో ఆయన ఎంత నిక్కచ్చిగా మాట్లాడినా అది ఆ జల్లెడలోంచి కారినంతే. "నిన్నటి మ్యాచులో బంతి కన్నా దుమ్ము ఎక్కువ స్పిన్ అయింది" అనేవారు, గ్రౌండు చూసుకోవాల్సినవాళ్ల పేరు చెప్పకుండా. "సెలక్షన్‌కు వచ్చిన నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది ఆట చూశారు, నలభయ్యోవాడి ఇంటిపేరు చూశారు" అని ఒకసారి అన్నారు, దాన్ని ఎవరూ కత్తిరించలేదు, ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. మంత్రి కథకు మూలం కూడా నాకు తెలుసు. అది రేడియోలో జరగలేదు, గ్రౌండు మైకులో జరిగింది. ఫైనల్ మధ్యలో ముఖ్య అతిథి ప్రసంగం మొదలుపెట్టి ఆపకపోతే, "అయ్యా, మీరు ఇప్పటికి ఏడు ఓవర్లు వేసినారు, మన రూల్స్‌లో ఒక బౌలర్‌కు ఐదే" అన్నారు సారు. జనం ఈలలు. ఆ అతిథి మంత్రి కాదు, కాంట్రాక్టరు. ఆయన కూడా నవ్వి కూర్చున్నాడు. ముప్పై ఏళ్లలో కాంట్రాక్టరు మంత్రి కావడం మనకేం కొత్త కాదులే.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. మూడో పాయింటు కోసమే ఇదంతా రాస్తున్నా.

"సారు మైకులో తిడితే పౌరుషం పుట్టేది, ఇప్పటి పిల్లలకు ఒక్క మాట అంటే డిప్రెషన్" అని రాసి, దానికి ఉదాహరణగా ఒక జోకు పెట్టారు. క్యాచ్ వదిలేసిన కీపర్ పిల్లాణ్ణి సారు మైకులో "ఆ గ్లవ్స్‌లో ఉన్నవి చేతులా, వాళ్లమ్మ పెట్టిన సంగటి ముద్దలా" అన్నారట, ఆ పౌరుషంతో వాడు రాష్ట్ర జట్లు ఆడే రంజీ ట్రోఫీ దాకా వెళ్లాడట. నాలుగు నవ్వు బొమ్మలు.

ఆ మ్యాచుకు స్కోరర్‌ను నేను. ఎనభైల చివర్లో స్కూళ్ల ఫైనల్, కొబ్బరి పీచు మ్యాట్ మీద, వేపచెట్టుకు కట్టిన రెండు హార్న్ మైకులు. జోకు నిజమే, అక్షరం కూడా మారలేదు. కానీ వాడు రంజీ ఆడలేదు. రంజీ ఆడిన ప్రతివాడి పేరూ స్కోర్‌కార్డుల్లో ఉంటుంది, ఆంధ్రా మొదటి సీజన్ 1953-54 నుంచి వెతుక్కోండి, దొరకడు. రంజీ సంగతి దేవుడెరుగు, వాడు ఆ తర్వాతి ఆదివారం గ్రౌండుకే రాలేదు. సోమవారం నుంచి స్కూల్లో వాడి పేరు "సంగటి". మాస్టర్లు కూడా అదే పేరుతో పిలిచారు. నేనూ పిలిచాను. ఇంకో విషయం, వాడి చేతులకున్న గ్లవ్స్ స్కూలువి, పెద్దవాళ్ల సైజు, వేళ్ల చివర గుడ్డ పీలికలు కూరుకుని వేసుకున్నాడు. ఆ గ్లవ్స్ బీరువాలోంచి తీసిచ్చింది సారే.

స్కోరు పుస్తకంలో వదిలేసిన క్యాచ్‌కు గడి ఉండదు. బ్యాట్స్‌మన్ తీసిన ఒక పరుగు రాస్తాం, అంతే. అది అక్కడితో పోవాలనే ఆ పుస్తకం అట్ల తయారు చేశారేమో. మైకు పోనివ్వలేదు.

వాడు ఇప్పుడు మా బ్యాచ్ గ్రూపులోనే ఉన్నాడు. మెసేజ్ వచ్చిన రోజు ముప్పై మంది నవ్వు బొమ్మలు పెట్టారు, ఒకడు "మన సంగటి గాడే కదరా" అని వాణ్ణి ట్యాగ్ కూడా చేశాడు. నీలం టిక్కులు పడ్డాయి. వాడేం అనలేదు. "వందల మంది ఆటగాళ్లు తయారయ్యారు" అన్నవాళ్లను నేను అడిగేది ఒకటే, ఆ వందలో పది పేర్లు రాయండి. తిట్టు పడ్డాక ఆట మానేసినవాళ్ల పేర్లు నేను రాస్తా, కూర్చోబెడితే పదిహేను వస్తాయి, ఇన్నింగ్స్‌తో సహా. తిట్లతో క్రికెటర్లు తయారయ్యేదుంటే మన ఆర్టీసీ బస్టాండు నుంచి ఏటా రెండు జట్లు రావాలి.

ఇదంతా టైపు చేసి గ్రూపులో పెట్టబోతుంటే నిన్న రాత్రి అదే మెసేజ్ పన్నెండోసారి వచ్చింది. సారు నంబరు నుంచి. కింద దండం బొమ్మ.

ఉండబట్టలేక ఫోన్ చేశాను. "సార్, 175 మీరు లైవ్ చెప్పినారా?" అన్నాను. "లైవ్ ఏమిటికప్పా, ఆ తర్వాత వచ్చిన ఆదివారం చెప్పినా. పేపర్లో పడిన స్కోరు దగ్గర పెట్టుకుని ఒక్కో వికెట్టూ చదివినా. చానామంది లైవే అనుకున్యారు, జాబులు రాసినారు" అన్నారు. అంటే ఆ పాయింటులో గింజంత నిజం ఉంది, ఒప్పుకుంటున్నా, గోపురం మాట వెనక్కి తీసుకుంటున్నా. పాత పేపరు చదివి జనాన్ని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో కూర్చోబెట్టగలిగాడంటే ఆయన గొంతుకు ఆ మెసేజ్‌లో వేసిన లెక్క తక్కువే.

మూడో పాయింటు చదివారా అని అడిగాను. అద్దాలు లేవు, పైన నాలుగు లైన్లే చదివి పంపాను అన్నారు. చదివి వినిపించాను, సంగటి ముద్దల దాకా. అవతల చాలాసేపు టీవీ శబ్దం తప్ప ఏమీ లేదు. తర్వాత వాడి పేరు చెప్పారు, సంగటి అని కాదు, అసలు పేరు, ఇంటిపేరుతో సహా. నంబరు ఉందా అన్నారు. ఇచ్చాను.

"ఆ మూడోది ఒకటీ తీసేసి మళ్లీ పంపొచ్చునా అప్పా, నేను ముప్పై మందికి పంపినా" అన్నారు.