చేపలకో మ్యాచింగ్ సెంటర్

జూలై నెల వచ్చిందంటే పెన్సిల్వేనియాలో బాగా చదువుకున్న మగవాళ్లకి ఒక జబ్బు చేస్తుంది. జ్వరం ఉండదు, దగ్గు ఉండదు. రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి, గొంతు బాగా తగ్గించి, "తమ్ముడూ, గ్రీన్ పంప్‌కిన్‌లో పర్పుల్ చుక్కలదా, నల్ల చుక్కలదా?" అని అడుగుతారు. పక్క గదిలో భార్య పడుకుని ఉంటుంది కాబట్టి ఆ గొంతు. ఆ వేళప్పుడు ఆ గొంతుతో ఇంకేదైనా వ్యవహారం నడిపినా ఆవిడ ఇంత బాధపడదేమో. దానికి ఇంత ఖర్చుండదు.

గ్రీన్ పంప్‌కిన్ అంటే ఒక రంగు. పాచి రంగు అన్నా సరిపోయేది, కానీ పాచికి ఎనిమిది డాలర్లు ఎవరిస్తారు? ఆ రంగు ప్లాస్టిక్ పురుగుని గాలానికి గుచ్చి సస్క్వెహానా నదిలో వేస్తే స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కరుస్తుందని నమ్మకం. కంచు రంగు ఒళ్లు, ఎర్రటి కళ్లు, గాలానికి పడగానే నీళ్లలోంచి గాల్లోకి ఎగిరి తల విదిలించే పొగరు. చేపకి వంక పెట్టడానికి లేదు. పైగా అది కూడా మనలాగే బయట నుంచి వచ్చి స్థిరపడిందే. ఇటువైపు నదుల్లో మొదట్లో స్మాల్‌మౌత్ లేదు. 1854లో ఒహాయో నది వైపు నుంచి కొన్నింటిని రైలింజన్ వెనకుండే నీళ్ల తొట్టిలో వేసి తెచ్చి పొటోమాక్ నదిలో వదిలారు. తర్వాత సస్క్వెహానాకీ అలాగే చేరింది. వీసా అడగలేదు, లాటరీ తీయలేదు. అందుకేనేమో దాన్ని చూస్తే మా వాళ్లకి అంత కడుపుమంట.

మండు వేసవిలో ఈ చేప ఏం చేస్తుందో తెలుసుకోవడానికి డిగ్రీలు అక్కర్లేదు. నీళ్లు వేడెక్కితే చేపకి ఆకలి పెరుగుతుంది, నీళ్లలో ఆక్సిజన్ మాత్రం తగ్గుతుంది. అందుకని ఎండ వేళ రాళ్ల మీద నురగలు కక్కే పారుదలలోనో, లోతుగా ఉండే బండల నీడలోనో ఉంటుంది. తెల్లవారుజామున, సాయంత్రం పైకొచ్చి తింటుంది. తినేది క్రేఫిష్ అనే రొయ్యలాంటి జీవి, చిన్న చేపలు, రాళ్ల కింది పురుగులు. కాబట్టి తెల్లవారుజామున నీటి మీద బుడుంగుమనే పాపర్ అనే ఎర ఒకటి, ఎండెక్కాక అడుగున రాళ్ల మీద క్రేఫిష్‌లా పాకడానికి ట్యూబో నెడ్ రిగ్గో అనే మెత్తటి ఎర ఒకటి, మధ్యలో ఈదేది ఒకటి. ముదురు రంగు, లేత రంగు. అంతే. వ్యాసం ఇక్కడితో అయిపోవాలి.

కానీ ఇంత చిన్న సంగతి మీద అంత పెద్ద దుకాణం ఎలా నిలబడుతుంది? మా ఊరి అవతల హైవే పక్కన ఉన్న షాపులో ఒక గోడ ఉంది. గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ప్లాస్టిక్ పురుగులే. మన ఊళ్లలో మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లి, చీర కొంగు పట్టుకుని వెలుతురులోకి తెచ్చి, "ఇది కాదండీ, దీనికంటే అర పిసరు లేత" అనే ఆడవాళ్లని చూసి జోకులేసిన మగాళ్లందరూ ఇప్పుడు ఆ గోడ ముందు నిలబడి, ప్యాకెట్ ట్యూబ్‌లైటు కింద తిప్పి తిప్పి చూస్తున్నారు. ఆ ఆడవాళ్లకి కనీసం చీర కళ్లెదుట ఉంటుంది. వీళ్లు ఎవరికి మ్యాచ్ చేస్తున్నారో ఆ శాల్తీ మైలు వెడల్పు నదిలో ఏ బండ కింద ఉందో వీళ్లకి తెలియదు.

పోనీ ఆ శాల్తీకైనా ఇన్ని రంగులు కనిపిస్తాయా? దీని దాయాది లార్జ్‌మౌత్ బాస్‌ని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు పట్టి, శిక్షణ ఇచ్చి, రంగుల పరీక్ష పెట్టారు. ఎరుపు బాగా గుర్తుపట్టింది, ఆకుపచ్చ గుర్తుపట్టింది. చార్ట్రూస్ అనే మెరిసే పసుపుపచ్చకీ తెలుపుకీ తేడా తెలుసుకోలేకపోయింది. నీలానికీ నలుపుకీ కూడా తెలుసుకోలేదు. ఇప్పుడు షాపుకెళ్లి చూడండి. తెల్లది ఒక ప్యాకెట్, చార్ట్రూస్ ఇంకో ప్యాకెట్, రెండూ కలిపింది మూడో ప్యాకెట్. ఇక నలుపు-నీలం కలిపి అమ్మే జిగ్ అనే బరువు గాలం ఎర అయితే ఈ దేశంలో బాస్ పట్టేవాళ్లందరికీ కులదైవం. ఆ నీలం ఎవరి కోసం కలిపారో ఇప్పటికైనా అర్థమైందా? డబ్బులిచ్చే చేప కోసం.

మొదట్లో ఈ వ్యాపారం ఇలా లేదు. 1936లో ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా అనే పేద జాలరి ఓ బెరడు ముక్కని చెప్పులు కుట్టే కత్తితో చెక్కి, చాక్లెట్ చుట్టే రేకు అతికించి, పాత ఫొటో నెగటివ్‌లు కరిగించి పైన పూతగా పూశాడు. ఇంట్లో చెత్తబుట్ట తిరగేస్తే దొరికే సరుకు. చేపలు కరిచాయి. ఇవాళ ఆయన పేరుతో వచ్చే ఎరలు కొనేవాళ్లు, ఆ రేకు ఏ చాక్లెట్‌దో తెలిస్తే అదీ తెప్పించుకునే రకం.

ఇంకో సంగతి. ప్రపంచంలో ఇప్పటిదాకా పట్టిన అతి పెద్ద స్మాల్‌మౌత్ బరువు 11 పౌండ్ల 15 ఔన్సులు. డేవిడ్ హేస్ అనే ఆయన డేల్ హాలో చెరువులో పట్టాడు. ఎప్పుడు? 1955 జూలై 9న. సరిగ్గా మండు వేసవి! దేనితో? ముత్యం రంగు బాంబర్ అనే ఎర ఒకటి పడవ వెనక ఈడ్చుకుంటూ పోతే. అప్పటికి గ్రీన్ పంప్‌కిన్ ఊసు లేదు, సరదాకి పట్టేవాళ్ల పడవల్లో చేపల్ని చూపించే సోనార్ తెరలు లేవు, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి విసిగించడానికి తమ్ముడూ లేడు. ఆ తర్వాత డెబ్భై ఏళ్లలో ఎన్ని వేల ఎరలు వచ్చాయో దేవుడికే తెలియాలి. రికార్డు మాత్రం అక్కడే ఉంది. ఈ ముక్క మా మేనేజర్ గారితో అంటే, "అప్పట్లో చేపలు అమాయకులు తమ్ముడూ" అన్నారు.

మేనేజర్ గారంటే నా మేనేజర్ కాదు, ఎవరికో మేనేజరు. సొంతూరు భీమవరం పక్కన. చుట్టూ చేపల చెరువులే. వాళ్లమ్మగారు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు గరాజ్‌లో ఈ పెట్టెలన్నీ చూసి, "ఇవన్నీ ఎందుకురా, కాస్త తవుడూ చెక్కా కలిపి వెయ్యి, అవే వస్తాయి" అన్నారట. ఇవి తవుడు తినే చేపలు కావమ్మా అన్నాడట ఈయన. "మరి పులుసెప్పుడు పెట్టమంటావు?" అనడిగారట ఆవిడ. ఇక్కడ పట్టిన బాస్‌ని వెంటనే నదిలో వదిలేయాలన్నది రూలు. ఆ మాట విని ఆవిడ కొడుకు నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారని కోడలు చెప్పింది.

ఈయనతో పోయిన జూలైలో నదికి వెళ్లాల్సి వచ్చింది. రాక్‌విల్ వంతెన దగ్గర. 1902లో కట్టిన రాతి రైలు వంతెన, 48 కమానులు. దాని పునాదుల వెనక సుడి తిరిగే చోట్ల స్మాల్‌మౌత్ ఉంటుంది. ఇంకా చీకటిగా ఉండగానే దిగాం. నది మీద అక్కడక్కడా "గుభుక్" మని చప్పుళ్లు. చేపలు తింటున్నాయి. పాపర్ విసిరి రెండు సార్లు గుంజితే చాలు.

ఆయన పాపర్ విసరలేదు. ముందు రిక్వైర్‌మెంట్స్ సేకరించారు. తుపాకీలా ఉండే థర్మామీటర్ తీసి నీటిని కాల్చారు. ఫోన్‌లో యాప్ తెరిచి గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో, చంద్రుడు ఏ కళలో ఉన్నాడో చూశారు. మా నాన్న నా పెళ్లికి ముహూర్తం పెట్టించినప్పుడు కూడా పంతులుగారు ఇంత లోతుకి పోలేదు. తర్వాత పెట్టె తెరిచారు. పాపర్లే ఒక పెట్టె. తోకకి ఈక ఉన్నదా, లేనిదా? "గుభుక్" మని ఆయన కయాక్ పడవకి గజం దూరంలో చేప లేచింది. ఆయన ఉలిక్కిపడి, "డిస్టర్బ్ చేస్తోంది" అన్నారు. ఈకదే ఖాయం చేశారు. తెలుపా, బోన్ రంగా? బోన్ అంటే కొంచెం మాసిన తెలుపు. మాసిన తెలుపే తీసి, దారానికి ముడి వేయబోతూ ఆగిపోయారు. చివర కట్టిన దారం ఫ్లోరోకార్బన్. అది నీళ్లలో మునుగుతుంది, పాపర్ ముక్కు కిందికి లాగేస్తుంది, మార్చాలి. మార్చడమంటే రెండు దారాల్ని ఇరవై చుట్లు పెనవేసే ముడి. పళ్ల మధ్య ఒక దారం, కాలి బొటనవేలికి ఒక దారం, నుదుటి మీద లైటు, ఆ లైటుకి ముసిరిన పురుగులు నోట్లోకి. ఇటు పక్క "గుభుక్", అటు పక్క "గుభుక్". మనిషి చలించలేదు. ముడి బిగించి, ఉమ్ముతో తడిపి, లాగి చూసి, మిగిలిన కొస కత్తిరించబోయి అసలు దారమే కత్తిరించారు. మళ్లీ మొదటి నుంచి.

ఆయన తలెత్తి, గర్వంగా గాలం కర్ర వెనక్కి వంచి, పాపర్ విసిరేసరికి కొండ మీద నుంచి సూర్యుడు తొంగిచూశాడు. నదంతా తళతళ. చప్పుళ్లు ఆగిపోయాయి. ప్రాజెక్టు డెలివరీకి సిద్ధం, క్లయింట్ మాత్రం బండ కిందికి వెళ్లిపోయాడు.

"టాప్‌వాటర్ ఇవాళ పని చేయట్లేదు తమ్ముడూ" అన్నారాయన. టాప్‌వాటర్ అంటే నీటి మీద తేలే ఎర. పుస్తకంలో రాసుకున్నారు కూడా.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఎవడి డబ్బు వాడిష్టం. అసలు కథ మధ్యాహ్నం మొదలవుతుంది.

ఒంటిగంటకి నీళ్లు 84 డిగ్రీల ఫారెన్‌హీట్. ఆయన అడుగున ఈడుస్తున్న, చిరిగిపోయిన ట్యూబ్‌కి ఒక మంచి చేప పడింది. ఆ ట్యూబ్ రంగు ఏమిటో ఆయనకే గుర్తులేదు. సన్నటి కర్రతో దాన్ని అటు లాగి ఇటు లాగి, అలిసిపోయేదాకా ఆడించారు. పైకి తీసి దవడ పట్టుకుని నిలబడ్డారు. ఫొటో. ఎండ ముఖం మీద పడుతోంది, ఇటు తిరగాలి. టోపీ సరిచేసుకోవాలి. ట్యూబ్ కనిపించేలా పెట్టు తమ్ముడూ, కంపెనీకి ట్యాగ్ చెయ్యాలి. చేతులు ముందుకి చాపితే చేప పెద్దగా కనిపిస్తుంది. ఒకటి పోర్ట్రెయిట్ మోడ్‌లో. చేప మొప్పలు తెరుచుకుని మూసుకుంటున్నాయి, తెరుచుకుని మూసుకుంటున్నాయి. ఒక వీడియో.

ఓ పెద్దమనిషీ, ఒక పని చెయ్. కొండ ఎక్కి దిగి వచ్చి, ఒళ్లంతా చెమటలు కారుతుండగా, మూడంతస్తులు పరిగెత్తి ఎక్కు. ఎక్కిన వెంటనే నీ తల నీళ్ల బకెట్లో ముంచి, నేను మంచి యాంగిల్ దొరికేదాకా ఫొటోలు తీస్తాను. తర్వాత నిన్ను 'రిలీజ్' చేస్తాను. నువ్వు కాళ్లీడ్చుకుంటూ వెళ్లాక ఆ రాత్రి ఏమయ్యావో నాకనవసరం. యాప్‌లో 'విడుదల' అని నొక్కాను కదా! తిననంటావు, సరే. చంపనంటావు, మరీ మంచిది. ఉడికిపోతున్న నీళ్లలో ఊపిరాడని జీవిని నీ ప్రొఫైల్ ఫొటో కోసం బయటికి ఈడ్చి, పెద్ద ఉపకారం చేసినట్టు మళ్లీ వదిలే ఈ అహింస ఏ ఊరి అహింస? పులుసు పెట్టుకుని తినే భీమవరం వాళ్లు నీకంటే నయం. వాళ్లు చేపకి అబద్ధం చెప్పరు.

ఇంకా వినండి. ఇదే సస్క్వెహానాలో 2005 వేసవిలో స్మాల్‌మౌత్ పిల్ల చేపలు ఒళ్లంతా పుళ్లతో కుప్పలుగా చచ్చాయి. ఒక్క ఏడాది ముచ్చట కాదు, తర్వాతి వేసవుల్లోనూ అదే వరస. ఆ పక్క పొటోమాక్‌లో అంతకు ముందే మగ చేపల వృషణాల్లో గుడ్లు కనిపించాయి. ఈ నదిలోనూ కనిపించాయి. హార్మోన్లని చెడగొట్టే రసాయనాల మీద, కలుపు మందుల మీద, రోగక్రిముల మీద అనుమానం. 2014లో ఈ నది ఒడ్డునే ఉన్న డంకానన్ ఊరి దగ్గర ఒకాయన గాలానికి పడ్డ స్మాల్‌మౌత్ నోటి మీద గడ్డ ఉంటే, పరీక్ష చేసి మరుసటి ఏడాది అది క్యాన్సర్ అని తేల్చారు. ఈ నదిని పాడైపోయిన నదిగా ప్రకటించండి మహాప్రభో అని రాష్ట్ర చేపల శాఖ ఏళ్ల తరబడి మొత్తుకుంది. ఆ ప్రకటన వస్తే పొలాల నుంచి, ఊళ్ల మురుగు నుంచి ఏం కలుస్తోందో లెక్క చెప్పాలి, బాగు చేయాలి. అందుకే పర్యావరణ శాఖ ఆధారాలు చాలవు, ఆధారాలు చాలవు అంటూ కాలం గడిపింది.

ఈ సంగతి ఆ రంగుల గోడ మీద ఎక్కడైనా ఉందా? చేప తినే క్రేఫిష్ పెంకు ఏ నెలలో ఏ ఛాయలో ఉంటుందో అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాళ్లకి, చేప ఒంటి మీద పుండు ఏ రంగులో ఉంటుందో తెలుసా? ప్రకృతికి దగ్గరగా ఉండాలంటారు కదా. తయారు చేయండి మరి. 'సస్క్వెహానా పుండు విత్ రెడ్ ఫ్లేక్.' ఎనిమిది డాలర్లు. వాటిని కొనే జనం తలా ఒక ప్యాకెట్ డబ్బు వేసుకుని నీళ్ల పరీక్షకి ఇచ్చినా, ప్రతినిధికి తలా ఒక ఉత్తరం రాసినా... రాయరు. రాత్రి పదకొండింటికి వాళ్లకి వేరే పని ఉంది.

మొన్న ఆదివారం గుడి క్యాంటీన్ లైన్లో మేనేజర్ గారు కనిపించారు. పులిహోర ప్లేటు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ తెరిచి చూపించారు. "నీళ్లు 86 చూపిస్తోంది తమ్ముడూ. మధ్యాహ్నం ఏది వేస్తే బాగుంటుందంటావు?"

"ఏసీ వెయ్యండి" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "ఎన్ని రంగుల్లో వస్తుంది?" అన్నారు.