చచ్చిపోయిన జంతువుని కోసి చూస్తేనే కదా క్యాన్సర్ సంగతి తెలిసేది

మా వీధిలో ఒక ఆడకుక్కకి వెనకవైపు కాలీఫ్లవర్‌లా గడ్డ పెరిగి రక్తం కారుతుంటే, నలుగురం తలా కొంత వేసుకుని వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం, అది క్యాన్సర్ గడ్డ అన్నారు, విన్‌క్రిస్టీన్ అనే క్యాన్సర్ మందు వారానికొక ఇంజెక్షన్ చొప్పున ఇస్తే ఐదో వారానికల్లా గడ్డ కరిగిపోయింది. అప్పుడు డాక్టర్ గారు చెప్పింది ఇప్పటికీ మర్చిపోలేను. ఆ గడ్డలో కణాలు అసలు ఆ కుక్కవి కావంట, వేల ఏళ్ల కింద బతికిన ఇంకేదో కుక్కవంట, జత కట్టినప్పుడల్లా ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటూ మన హైదరాబాద్ గల్లీ దాకా వచ్చాయంట.

ఆస్ట్రేలియా దగ్గర టాస్మేనియా దీవిలో డెవిల్ అనే జంతువుకీ ఇలాంటిదే ఉంది. అవి ఒకదాన్నొకటి మూతి మీద కొరుక్కుంటాయి, ఆ కాట్ల ద్వారానే క్యాన్సర్ పాకుతుంది. 1996లో ఒక ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోల్లో బయటపడింది, ఆ తర్వాత కొన్ని చోట్ల 80 శాతం పైగా జంతువులు పోయాయి, 2014లో ఇంకో రకం కూడా దొరికింది.

అడవి జంతువులకి క్యాన్సర్ రాదని చాలామంది అనుకుంటారు. వస్తుంది, కాకపోతే నీరసపడ్డదాన్ని పులో చిరుతో పట్టేస్తుంది, లేదంటే పొదల్లో చచ్చిపోతే తెల్లారేసరికి నక్కలు తినేస్తాయి, ఇంక మన కంటికేం మిగులుతుంది? అందుకే 2021 చివర్లో వచ్చిన పెద్ద స్టడీకి కూడా జూ రికార్డులే ఆధారం, 191 జాతులు, 1,10,148 జంతువులు. మాంసం తినే జంతువుల్లో క్యాన్సర్ ఎక్కువని తేలింది.

నన్ను బాగా కదిలించింది మాత్రం కెనడాలో సెయింట్ లారెన్స్ నదీముఖంలో ఉండే తెల్ల బెలూగా తిమింగలాలు. 1983 నుంచి ఒడ్డుకి కొట్టుకొచ్చిన కళేబరాలని ఓపిగ్గా కోసి చూస్తూ వచ్చారు, 1999 వరకు లెక్క చూస్తే బాగా ఎదిగిన వాటిల్లో 27 శాతానికి క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. ఆ ప్రాంతంలో అల్యూమినియం ఫ్యాక్టరీలున్నాయి, వాటినుంచొచ్చే తారు రసాయనాల మీద అనుమానం పడింది, అక్కడి కార్మికుల్లోనూ బ్లాడర్ క్యాన్సర్ ఎక్కువున్నట్టు విడిగా తేలింది. ఆ రసాయనాలు తగ్గించాక, 1971 తర్వాత పుట్టిన బెలూగాల్లో క్యాన్సర్ కనబడలేదు. మనుషులకే ఆస్పత్రుల్లో క్యూలుంటే జంతువుల క్యాన్సర్ ఎందుకు అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే, ఆ తిమింగలమూ ఆ కార్మికుడూ ఒకే విషం మధ్య బతికారు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధి చేసే ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లోనే పేపర్ వచ్చింది. అది యాంటీబయాటిక్, క్యాన్సర్ తెచ్చే రసాయనం కాదు, నిజమే. కానీ అంత మందు కలిసిన నీళ్లలో ఇంకేమేం కలుస్తున్నాయో ఆ వాగుల్లో చేప లివర్ కోసి చూస్తే కదా తెలిసేది! అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని బ్లాక్ రివర్‌లో అదే పని చేశారు, 1983లో బొగ్గుని కాల్చి కోక్ అనే ఇంధనం తయారుచేసే ప్లాంట్ మూసేశాక చేపల లివర్ గడ్డలు తగ్గడం కళ్లారా చూశారు.

మనకి లేనిదేంటసలు? బహదూర్‌పురాలో నెహ్రూ జూ పార్క్, అత్తాపూర్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ (అంతరించిపోతున్న జంతువుల ల్యాబ్), రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ, అన్నీ ఆరాంఘర్ చౌరస్తా చుట్టుపక్కలే. అడవిలో పులో చిరుతో చనిపోతే విషమా, ఉచ్చా, కరెంటు తీగా అని చూస్తారు, చూడాల్సిందే, వేటగాళ్లని పట్టుకోవాలి కదా. దాంతోపాటు అనుమానంగా ఉన్న ప్రతి గడ్డనుంచీ చిన్న ముక్క కుళ్లకుండా ఫార్మాలిన్‌లో వేసి పాథాలజిస్టుకి పంపాలి, పళ్లున్న వాటికైతే పన్ను చూసి వయసు రాయాలి, ఏ చెరువు దగ్గర ఏ నెలలో దొరికిందో రాయాలి, జింకకీ కొంగకీ కూడా అదే లెక్క, ఆ రిపోర్టులన్నీ ఒకే చోట, ఎవరడిగినా దొరికేలా ఉండాలి.