అటాక్ డెక్ ‘బంగారు సూత్రాలు’ ఇంకోసారి పంపితే గ్రూపు వదిలేస్తా

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. మ్యాజిక్ (ఎవరి డెక్, అంటే కార్డుల కట్ట, వాళ్ళే కట్టుకుని ఆడే ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ ఆట) ఆడే గ్రూపులో రెండుసార్లు, కాలేజీ గ్రూపులో ఒకసారి, నిన్న రాత్రి మా పిన్ని కొడుకు విడిగా నాకే ఒకసారి, "అన్నా, ఇది చూశావా, నీ డెక్‌కి పనికొస్తుంది" అంటూ. "ఓటమి లేని అటాక్ డెక్‌కి 7 బంగారు సూత్రాలు" అని పేరు, ముందొక వరస నిప్పు బొమ్మలు, వెనకొక వరస నిప్పు బొమ్మలు. రాసిన మహానుభావుడెవరో తెలీదు గానీ, క్రీచర్లతో (కొట్లాడే జీవుల కార్డులు) దాడిచేసే డెక్ పట్టుకుని ఒక్క ఆదివారమైనా కుదురుగా కూచుని ఆడిన మనిషి రాతలా మాత్రం లేదు. మూడుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. మావాడు దాన్ని నమ్మి డెక్ మార్చుకున్నాడని తెలిశాక ఇంక ఊరుకోవడం నావల్ల కాలేదు.

మొదటి సూత్రం: "అటాక్ డెక్‌కి బుర్ర అక్కర్లేదు. కొత్తవాళ్ళు దీంతో మొదలుపెట్టి, ఆట వచ్చాక వదిలేయాలి." 2017లో క్యోటోలో జరిగిన ప్రో టూర్‌ని (ఈ ఆటలో పెద్ద అంతర్జాతీయ పోటీ) పావ్లో వీటర్ దమో ద రోసా గెలిచింది ఎర్ర అటాక్ డెక్‌తోనే. అప్పటికే ఆయన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు, తర్వాత ప్రపంచ ఛాంపియన్ కూడా అయ్యాడు. ఆయనకి ఇంకా ఆట రాలేదంటారా, సరే.

రెండోది: "ఒక మానా, రెండు మానా బక్క క్రీచర్లతో టైం వేస్ట్. కనీసం 12 పెద్ద క్రీచర్లు పెట్టండి, ఒక్క దెబ్బకి ఆరు పోవాలి." ఇది చదివితే ఎవరికైనా నిజమే కదా అనిపిస్తుంది, 6/6 (కొట్టే బలం 6, తట్టుకునే బలం 6) డ్రాగన్ పక్కన 2/2 గోబ్లిన్‌ని పెట్టి చూస్తే ఏది కావాలని చిన్నపిల్లాణ్ణి అడిగినా డ్రాగనే అంటాడు. కానీ బల్ల మీద రెండూ ఒకేసారి దిగవు కదా బాబూ. కార్డు దింపాలంటే మానా ఖర్చవుతుంది, అది ల్యాండ్ కార్డుల నుంచి వస్తుంది, టర్న్‌కి ఒక్క ల్యాండే పెట్టగలం. గోబ్లిన్ గైడ్ అనే 2/2 కార్డు మొదటి టర్న్‌లోనే దిగి అప్పుడే కొడుతుంది. అడ్డం లేకపోతే నాలుగో టర్న్ అయ్యేసరికి అవతలివాడి 20 లైఫ్‌లో 8 పోయినట్టే, అదీ ఒక్క మానాకి. ఆరు మానా డ్రాగన్ దిగేది, అన్నీ కలిసొస్తే, ఆరో టర్న్‌లో. కొట్టేది ఏడో టర్న్‌లో. ఈలోగా అవతలివాడు కూచుని గోళ్ళు గిల్లుకుంటాడా?

ఈ సంగతి కొత్తగా నేను కనిపెట్టిందేమీ కాదు. 1996లో అట్లాంటాలో ఒక ప్రో టూర్ క్వాలిఫయర్‌లో పాల్ స్లై అనే ఆటగాడు, జే ష్నైడర్ ఆలోచనతో పుట్టిన ఎర్ర డెక్ ఒకటి పట్టుకెళ్ళి రెండో స్థానంలో నిలిచాడు. అందులో ఐరన్‌క్లా ఆర్క్స్ లాంటి కార్డులున్నాయి. రెండు మానాకి 2/2, పైగా పవర్ 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న క్రీచర్‌ని బ్లాక్ కూడా చేయలేదు. అప్పట్లో అందరూ చెత్తబుట్టలో వేసే సరుకు. కార్డు విడిగా ఎంత గొప్పదన్నది కాదు ఆ డెక్ లెక్క, మొదటి టర్న్ నుంచీ ప్రతి టర్న్‌లో ఉన్న మానా అంతా ఖర్చవుతోందా లేదా అన్నదే. ఇప్పుడు మనం కర్వ్, కర్వ్ అని నోరారా అంటున్నామే, ఆ మాట వెనకున్నది ఇదే.

బక్క క్రీచర్లు పనికిరావట. ఒక మానా పిల్లి వైల్డ్ నకాటల్‌ని మోడర్న్ అనే పోటీ రకంలో బ్యాన్ చేస్తున్నట్టు 2011 డిసెంబర్‌లో ప్రకటించారు, 2014లో గానీ తిరిగి రానివ్వలేదు. మొనాస్టరీ స్విఫ్ట్‌స్పియర్‌ని 2023 డిసెంబర్‌లో పాపర్ అనే ఇంకో రకంలో బ్యాన్ చేశారు. ఒక మానాకి 1/2 అది. 1/2! దాన్ని ఆపలేక బ్యాన్ చేయాల్సి వచ్చింది, మనవాడికేమో అది టైం వేస్ట్.

ఇంకో చిన్న లెక్క. అరవై కార్డుల డెక్‌లో ఒక మానా క్రీచర్లు 4 మాత్రమే ఉంటే, మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటైనా కనిపించేది నూటికి 40 సార్లు. 8 ఉంటే 65. 12 ఉంటే 81. ఆ 12 సీట్లూ డ్రాగన్లకిచ్చేస్తే మొదటి టర్న్‌లో దణ్ణం పెట్టి కూచోవడమే.

ఇప్పుడు మూడో సూత్రం చూడండి, నాకు నవ్వాగలేదు. "16 ల్యాండ్‌లు చాలు, ల్యాండ్ ఎక్కువైతే చేతిలో చచ్చు ముక్కలే." ఒక్క నిమిషం. పైన 12 పెద్ద క్రీచర్లు పెట్టమన్నాయన, కింద 16 ల్యాండ్‌లతో ఆడమంటున్నాడు. ముందు ఆడేవాడికి ఆరో టర్న్‌కి చేతికొచ్చేవి 12 కార్డులు. అరవైలో 16 ల్యాండ్‌లుంటే ఆ పన్నెండులో సగటున మూడు చిల్లర. మూడు ల్యాండ్‌లతో ఆరు మానా డ్రాగన్‌ని ఎలా దింపుతారో ఎనిమిదో సూత్రంలో చెప్తాడేమోనని చూశాను, ఏడుతోనే ఆపేశాడు.

పెద్దవి తీసేసినా 16 తక్కువే. మొదటి ఏడు కార్డుల్లో ల్యాండ్ ఒక్కటి గానీ, అసలు లేకుండా గానీ వచ్చే చేతులు 16తో నూటికి 39, 20తో 25. పదమూడు ముక్కలాట ఆడినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ముక్కలు పంచగానే చేతిలో జోకర్ లేదు, సీక్వెన్స్ ఆనవాలు లేదు అంటే మా మావయ్య మారుమాట లేకుండా డ్రాప్ చేసేస్తాడు, ఇరవై పోతే పోనీ అని. మన మల్లిగన్ (చేయి బాలేదని మళ్ళీ ముక్కలు తీసుకోవడం) కూడా అంతే. ప్రతి అయిదాటల్లో రెండుసార్లు ఆ అవస్థ తెచ్చిపెట్టుకోవడం దేనికి? ఒక మాట ఒప్పుకుంటాను, డెక్‌లో దాదాపు అన్నీ ఒకటి, రెండు మానా కార్డులే అయితే 17, 18తో ఆడేవాళ్ళున్నారు, గెలుస్తున్నారు కూడా. కానీ వాళ్ళ డెక్‌లో డ్రాగన్లుండవు.

నాలుగోది: "చేతిలో ఏదీ దాచొద్దు, ఉన్నవన్నీ బల్ల మీద పారేసి కొడుతూనే ఉండండి." దీని మీద ఒక పేజీ తిట్టాలనే కూచున్నాను. వ్రాత్ ఆఫ్ గాడ్ అనే తెల్ల కార్డు 1993లో ఆట పుట్టినప్పటి నుంచీ ఉంది, నాలుగు మానాకి బల్ల మీదున్న క్రీచర్లన్నీ పోతాయి, అయిదు దింపి కూచున్నవాడు అయిదూ పోగొట్టుకుంటాడు, అంతా రాద్దామనుకున్నాను. తీరా నా నోట్‌బుక్ తిరగేస్తే వేరే కథ కనిపించింది. వ్రాత్ పడి నేను ఓడిన ఆటలు రెండే రెండు. వ్రాత్ ఉందేమోనన్న టెన్షన్‌తో రెండేసి క్రీచర్లు చేతిలో దాచుకుని, అవతలివాడి దగ్గర అది లేనే లేదని తర్వాత తెలిసి, చేతులు నలుపుకున్న ఆటలు ఏడు. కాబట్టి మొదటి మూడు టర్న్‌ల వరకూ ఈయన మాటే రైటు, నాది తప్పు. అవతల నాలుగు తెల్ల ల్యాండ్‌లు పరుచుకుని క్రీచర్ ఒక్కటీ వేయకుండా నవ్వుతూ కూచున్నప్పుడు మాత్రం ఒకటో రెండో దాచుకోండి. ఇక ఎర్ర డెక్‌కి ఎదురు ఇంకో ఎర్ర డెక్ పడిందనుకోండి, రెండోగా ఆడేవాడు కొన్ని టర్న్‌లు బ్లాక్ చేసుకుంటూ బతకాల్సిందే, అక్కడ "కొడుతూనే ఉండండి" అన్నది నడవదు.

అయిదోది: "సైడ్‌బోర్డ్ దండగ." సైడ్‌బోర్డ్ అంటే ఆటకీ ఆటకీ మధ్య డెక్‌లోకి మార్చుకోడానికి పక్కన ఉంచుకునే కార్డులు. మూడాటల మ్యాచ్‌లో మొదటి ఆట తప్ప మిగతావి అలా మార్చుకున్నాకే ఆడతాం. అవతలివాడు మీ గోబ్లిన్ల కోసమే నాలుగు కార్డులు తెచ్చుకుంటాడు, మీరు ఉత్త చేతులతో వెళ్ళండి.

అసలు పేచీ ఆరో సూత్రంతో. మా పిన్ని కొడుకుని ముంచింది ఇదే. "ఓడిన ప్రతిసారీ చివర్లో చేతిలో ఏ కార్డు మిగిలిందో చూడండి. అదే దోషి. దాన్ని పీకి ఇంకోటి పెట్టండి. పదాటల్లో డెక్ దానంతటదే పదునెక్కుతుంది." ఎంత బాగుందో వినడానికి! లెక్కలక్కర్లేదు, ఆలోచనక్కర్లేదు, నేరస్తుడు చేతిలోనే దొరికాడు. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళని చూశాం గానీ, ఆటాటకీ మద్దెల మార్చేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను.

మావాడు ఏం చేశాడో వినండి. మొదటి ఆదివారం మూడు మౌంటెన్లు (ఎర్ర ల్యాండ్‌లు) చేతిలో ఉండగా ఓడాడు. రెండు మౌంటెన్లు పీకేశాడు. తర్వాతి వారం బల్ల మీద రెండే ల్యాండ్‌లు, చేతినిండా మూడు మానా క్రీచర్లు. ల్యాండ్ పీకినందుకే కదరా అంటే వినడు, క్రీచర్లు పీకేసి వాటి బదులు క్రీచర్‌కి బలమిచ్చే మంత్రాలు పెట్టాడు. ఆ పైవారం మంత్రాలు చేతిలో ఉన్నాయి, బలమివ్వడానికి క్రీచర్ లేదు. మళ్ళీ పీకుడు. నెల తిరిగేసరికి డెక్ 16 ల్యాండ్‌లకి దిగింది, మొదట్లో ఎందుకోసం కట్టాడో ఆ డెక్ ఆనవాలే లేదు.

మొన్న ఆదివారం పక్కనే కూచుని చూశాను. వాడే ముందు. చేతిలో రెండు మౌంటెన్లు, ఒక మానా 2/1 గోబ్లిన్ ఒకటి, రెండు మానా 2/2లు రెండు, ఒక లైట్నింగ్ బోల్ట్, మూడు మానా క్రీచర్ ఒకటి. బంగారంలాంటి చేయి. మొదటి టర్న్‌లో ల్యాండ్ పెట్టి ఊరుకున్నాడు, "వాడేం వేస్తాడో చూద్దాం అన్నా" అని. రెండో టర్న్‌లో గోబ్లిన్ వేశాడు, ఇంకో మానా ఊరికే పోయింది. మూడో టర్న్‌లో ల్యాండ్ రాలేదు, 2/2 ఒకటి వేసి గోబ్లిన్‌తో రెండు కొట్టాడు. అవతలివాడు నాలుగో టర్న్ దాకా క్రీచరే వేయలేదు. తర్వాత వాడు కుదురుకున్నాడు, మూడు లైఫ్ దగ్గర నిలబడి ఆట గెలిచాడు. మావాడి చేతిలో మిగిలింది ఆ మూడు మానా క్రీచర్. స్లీవ్‌లోంచి (కార్డు తొడుగులోంచి) తీయబోతున్నాడు. ఆగరా అని చేయి పట్టుకున్నాను.

గోబ్లిన్ మొదటి టర్న్‌లోనే దిగి ఉంటే రెండో టర్న్‌లో రెండు కొట్టేది. రెండో టర్న్‌లో 2/2 దిగి ఉంటే మూడో టర్న్‌లో అదీ రెండు కొట్టేది. మొత్తం ఇంకో నాలుగు. అవతల మిగిలిన లైఫ్ మూడు. ఆట పోయింది మొదటి రెండు టర్న్‌ల్లో వదిలేసిన రెండు మానాల వల్ల. వాటిని ఏ స్లీవ్‌లోంచి తీస్తావు?

చేతిలో మిగిలిన కార్డు ఆట చివర్లో కనిపిస్తుంది కాబట్టి దాని మీద కోపమొస్తుంది. అటాక్ డెక్ ఆట నూటికి తొంభై పాళ్ళు మొదటి మూడు నాలుగు టర్న్‌ల్లోనే తేలిపోతుంది, అవి ఎవరికీ గుర్తుండవు. అందుకే రాసుకోమంటాను. ఒక నోట్‌బుక్, ఆటకి ఒక వరస: మొదటి చేయి ఏమిటి, ఏ టర్న్‌లో ఎంత మానా వృథా, చివర్లో అవతలివాడి లైఫ్ ఎంత. ఒక్క కార్డూ మార్చకుండా పదిహేనాటలు. అప్పుడు చూడండి. పదే పదే రెండు, మూడు లైఫ్ దగ్గర ఆగిపోతుంటే నేరుగా లైఫ్ మీద పడే బోల్ట్ లాంటివి ఇంకో రెండు కావాలి. పన్నెండు, పదమూడు దగ్గరే ఆగుతుంటే మొదలే నీరసంగా ఉందన్నమాట, ఒక మానావి పెంచాలి. చేయి ఖాళీ అయ్యాక ఎనిమిది దగ్గర ఆగుతుంటే కార్డులు తెచ్చే కార్డు కావాలి. మార్చేటప్పుడు కూడా ఒక్కసారికి రెండు కార్డులు, అంతే. పది మార్చేస్తే ఏది పనిచేసిందో దేవుడికి కూడా తెలీదు. నేనూ మొదటి ఏడాది ఓడిన ప్రతిసారీ పీకినవాణ్ణే, అలా పీకిన కార్డులు ఇప్పటికీ అటక మీద ఒక చెప్పుల డబ్బా నిండా ఉన్నాయి, అందులో సగం మళ్ళీ కొన్నాను.

మావాడు నాలుగు మౌంటెన్లు తిరిగి పెట్టాడు. నోట్‌బుక్ ఇంకా కొనలేదు, ఫోన్‌లో రాసుకుంటానన్నాడు.

ఏడోది: "ఈ సూత్రాలు కనీసం పదిమందికి పంపండి." మొత్తం ఏడింటిలో మావాళ్ళు తు.చ. తప్పకుండా పాటించింది ఇదొక్కటే.