చుట్టాలకు దేశమంతా చూపించక్కర్లేదు

ఆస్ట్రేలియాకు మొదటిసారి వస్తున్న చుట్టాల కోసం ఇక్కడి మన తెలుగు ఇళ్ళల్లో తయారయ్యే ప్లాను దాదాపు ఒకటే. మెల్‌బోర్న్‌లో నాలుగు రోజులు, సిడ్నీలో మూడు, గోల్డ్ కోస్ట్‌లో రెండు థీమ్ పార్కులు, అక్కణ్ణుంచి కెయిర్న్స్ వెళ్ళి సముద్రంలోని పగడపు దిబ్బలు గ్రేట్ బారియర్ రీఫ్, టైముంటే ఎడారి మధ్యలోని ఉలూరు రాయి అలా ఒకసారి చూసి రావడం. ఇదంతా రెండు వారాల్లో. ఇండియా నుంచి అమ్మానాన్నలొచ్చినా, అమెరికా నుంచి అన్నయ్యా వదినా పిల్లలతో దిగినా ఈ ప్లాను మారదు. ఇక మీద మారుద్దామని అడగడానికే ఇది రాస్తున్నాను. తొలి ప్రయాణానికి ఒక్క మూల చాలు. ఆ మూల ఏదో వాళ్ళొచ్చే నెలను బట్టి తేల్చుకోవాలి. కుదిరితే అది తీరాన కాకుండా దేశం లోపల ఉండాలి.

ఈ దేశం విస్తీర్ణం సుమారు 76.9 లక్షల చదరపు కిలోమీటర్లు. జనం మాత్రం 2.7 కోట్ల మంది, అందులోనూ చాలా భాగం తీరం వెంబడే. ఈ అంకెలు మనకు తెలియనివి కావు. అయినా టికెట్ల సైటు తెరవగానే మర్చిపోతాం. మెల్‌బోర్న్ నుంచి కెయిర్న్స్‌కు మూడున్నర గంటలని చూపిస్తుంది కదా, అంతేగా అనుకుంటాం. పెట్టెలు సర్దడం, పెద్దవాళ్ళను తీసుకుని గంటన్నర ముందే ఎయిర్‌పోర్టు చేరడం, దిగాక బెల్టు దగ్గర సామాను కోసం నిలబడడం, అద్దె కారు కౌంటరు దగ్గర క్యూ, హోటల్లో గది చేతికొచ్చేదాకా లాబీలో ఎదురుచూపు, ఇవన్నీ కలిస్తే ఆ రోజు అయిపోయినట్టే. నాలుగు ఊళ్ళు తిప్పితే నాలుగైదు రోజులు ఇలాగే పోతాయి. వచ్చిన మొదటి రెండు మూడు రోజులు నిద్ర సరిపడక ఎలాగూ తూలుతుంటారు. అమెరికా పశ్చిమ తీరం నుంచి వచ్చేవాళ్ళయితే పదిహేను గంటల విమానం దిగేసరికి తేదీ రేఖ దాటి ఒక తేదీనే పోగొట్టుకుని ఉంటారు. ఇవన్నీ తీసేసి లెక్కేస్తే రెండు వారాల్లో నిజంగా చూడడానికి మిగిలేది వారం.

ఈ దేశాన్ని తీర్చిదిద్దిందే దూరం. 1901లో ఆరు కాలనీలు కలిసి ఒక దేశమయ్యే నాటికి రైలు పట్టాల వెడల్పు అన్ని కాలనీల్లో ఒకేలా లేదు. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వెళ్ళేవాళ్ళు సరిహద్దులోని ఆల్బరీలో దిగి ఇంకో రైలెక్కాల్సిన అవస్థ 1962 దాకా తీరలేదు. సిడ్నీలో ఎక్కి మారకుండా పెర్త్‌లో దిగే వీలు 1970లో గానీ రాలేదు. ఆ ఇండియన్ పసిఫిక్ రైలు ఇప్పటికీ 4,352 కిలోమీటర్లు మూడు రాత్రులు నడుస్తుంది. నల్లార్‌బోర్ మైదానంలో 478 కిలోమీటర్ల పాటు పట్టాలు ఒక్క వంపు కూడా తిరగవు. జబ్బు చేసినవాళ్ళ దగ్గరకు డాక్టరే విమానంలో వెళ్ళే ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు 1928లో క్వీన్స్‌లాండ్‌లోని క్లాంకరీలో మొదలైంది. ఊళ్ళ మధ్య ఇంత దూరం లేకపోతే దాని అవసరమే ఉండేది కాదు. విమానంలో కిటికీ మూసుకుని కునుకు తీస్తూ దాటేసినవాళ్ళకు ఇదేమీ అనుభవంలోకి రాదు.

దేశం నడిబొడ్డునున్న ఆలిస్ స్ప్రింగ్స్ ఊళ్ళోని స్కూల్ ఆఫ్ ది ఎయిర్‌కు మా అత్తయ్యను తీసుకెళ్ళాం. ఆవిడ రిటైరైన టీచరు. 1951లో రేడియో మీద మొదలైన బడి అది, ఇప్పుడు పాఠాలన్నీ ఇంటర్నెట్‌లో నడుస్తున్నాయి. ఆ బడి పిల్లలుండే ప్రాంతం 13 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. తెలుగు రాష్ట్రాలు రెండూ కలిపినా అందులో నాలుగో వంతుండవు. బడి ఉన్న రోజైతే పాఠం జరుగుతుంటే కూర్చుని చూడొచ్చు. టీచరు తెర ముందు నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరిస్తోంది. పక్క ఇంటికి వెళ్ళాలన్నా గంటల తరబడి బండి నడపాల్సిన క్యాటిల్ స్టేషన్ల నుంచి, అంటే పశువులను పెంచే పెద్ద పెద్ద క్షేత్రాల నుంచి, పిల్లలు జవాబులు చెబుతున్నారు. అత్తయ్య అక్కణ్ణుంచి ఓ పట్టాన లేవలేదు. పిల్లల నోటుపుస్తకాలు ఎవరు దిద్దుతారు, ఇంట్లో పక్కన కూర్చుని చెప్పేదెవరు, వీళ్ళు ఒకరినొకరు ఎప్పుడు కలుసుకుంటారు అని అడుగుతూనే ఉంది. ఏడాదిలో కొన్నిసార్లు పిల్లలందర్నీ ఊళ్ళోకి పిలిచి కలిపి చదివిస్తామని వాళ్ళు చెబితే గానీ ఆవిడ మనసు కుదుటపడలేదు. సిడ్నీ ఆపెరా హౌస్ ముందు ఫొటో దిగినప్పుడు ఆవిడ ఏ ప్రశ్నా అడగలేదు.

ఇక నెల సంగతి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మన తెలుగు రాష్ట్రాల్లో వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ దాకా, అమెరికాలో జూన్ నుంచి ఆగస్టు దాకా. ఇక్కడి ఎడారికీ ఉత్తరాదికీ ఏడాది మొత్తంలో హాయైన కాలం సరిగ్గా అదే. ఆలిస్ స్ప్రింగ్స్‌లో జూన్, జూలై పగళ్ళు ఇరవై డిగ్రీల దగ్గర ఉంటాయి, ఆకాశంలో మబ్బు కనబడడమే అరుదు. ఉత్తరాన డార్విన్, కకాడు నేషనల్ పార్కు వైపు వానలు వెనకబట్టి దారులు తెరుచుకుంటాయి. రీఫ్ దగ్గర విషపు జెల్లీచేపల బెడద నవంబరు నుంచి మే వరకు ఉంటుంది కాబట్టి అదీ తగ్గి ఉంటుంది. అలాంటి నెలల్లో వచ్చినవాళ్ళను మనం ఎక్కడ తిప్పుతున్నాం? సాయంత్రం ఐదు దాటగానే చీకటిపడే మెల్‌బోర్న్ చలిలో, ముసురు పట్టిన వీధుల్లో, గొడుగులు పట్టించి. వాళ్ళు దేవుడిచ్చినట్టు మంచి కాలంలో వస్తే మనం తప్పుడు చోట ఉంచుతున్నాం.

డిసెంబరు, జనవరి నెలల్లో వచ్చేవాళ్ళ విషయం దీనికి పూర్తిగా తలకిందులు. అప్పుడు లోపలికి తీసుకెళ్ళొద్దు. నలభై దాటే ఎండల్లో పెద్దవాళ్ళను ఎడారిలో నడిపించడం మంచిది కాదు. 36 డిగ్రీలొస్తాయని అంచనా ఉన్న రోజున ఉలూరు దగ్గరి కటాజూటా కొండల్లో వ్యాలీ ఆఫ్ ది విండ్స్ నడకదారిని మొదటి వ్యూపాయింట్ దాటాక ఉదయం పదకొండుకే మూసేస్తారు. ఆ నెలల్లో దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపానికి వెళ్ళండి, లేదా విక్టోరియా తీరం వెంబడి సాగే గ్రేట్ ఓషన్ రోడ్డును తీరిగ్గా చూపించండి. తీరిగ్గా అంటే పొద్దున్నే బయల్దేరి, సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాలు ట్వెల్వ్ అపోస్టల్స్ దగ్గర పది నిమిషాలు నిలబడి, అర్ధరాత్రికి ఇల్లు చేరడం కాదు. ఆ 243 కిలోమీటర్ల దారిని మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, చనిపోయిన తోటివాళ్ళ గుర్తుగా 1919 నుంచి 1932 దాకా చాలావరకు గడ్డపారలతో, పారలతో తవ్వి వేశారు. అపోలో బేలో ఒక రాత్రి, పోర్ట్ క్యాంప్‌బెల్‌లో ఒక రాత్రి ఉంటే కెనెట్ రివర్ చెట్ల మీద కోలాలను వెతికే తీరికుంటుంది, సాయంత్రం బస్సులన్నీ వెళ్ళిపోయాక ఆ సముద్రపు రాళ్ళను ప్రశాంతంగా చూడొచ్చు.

కానీ నా ఓటు మాత్రం మధ్య ఆస్ట్రేలియాకే. ఉలూరుకు నేరుగా విమానం ఉంది. అయినా ఆలిస్ స్ప్రింగ్స్‌లో దిగి కారులో వెళ్ళమంటాను, దాదాపు 450 కిలోమీటర్లు. స్టువర్ట్ హైవే మీద దక్షిణానికి రెండు వందల కిలోమీటర్లు వెళ్ళాక ఎర్ల్‌డండా దగ్గర పడమటికి తిరగాలి. అక్కడ పెట్రోలు పోయించుకోకుండా కదలొద్దు. దారిలో యాభై మీటర్లకు పైగా పొడవుండే రోడ్ ట్రెయిన్లు, అంటే వరుసగా ట్రెయిలర్లు లాగే లారీలు, ఎదురొస్తాయి, అవి దాటేటప్పుడు కారు ఊగుతుంది. నేల ఎర్రబడుతూ పోతుంది. ఆ మట్టిలోని ఇనుము తుప్పు పట్టి వచ్చిన ఎరుపది. చాలాసేపటికి ఎడమ చేతి వైపు బల్లపరుపుగా ఒక పెద్ద కొండ లేస్తుంది. కార్లో అందరూ ఒక్కసారిగా "అదిగో ఉలూరు!" అంటారు. అది మౌంట్ కానర్. ఉలూరు ఇంకా వంద కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అది దాటాక నిజంగా ఉలూరు కనబడినప్పుడు కార్లో మాటలుండవు. ఎన్ని ఫొటోల్లో చూసినా, ఇంత చదునైన నేల మీద 348 మీటర్ల ఎత్తున ఒకే రాయి లేచి నిలబడడమంటే ఏమిటో ఆ దూరం వచ్చినవాళ్ళకే తెలుస్తుంది.

పార్కు టికెట్టే మూడు రోజులకిస్తారు. మనవాళ్ళు ఒక సాయంత్రం, ఒక పొద్దున చూసి వెనక్కి తిరుగుతారు. ఉండండి. చుట్టూ నడిచే దారి పది కిలోమీటర్లుంటుంది, ఓపికున్నవాళ్ళకు మూడు నాలుగు గంటలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ముటిజులు నీటిగుంట దాకా వెళ్ళే చిన్న దారుంది, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. దగ్గరికెళ్తే ఆ రాయి మనం అనుకున్నంత నునుపుగా ఉండదు. చేపపొలుసుల్లా పొరలు పొరలుగా లేచి ఉంటుంది, వానలప్పుడు నీళ్ళు జారిన చారలు నల్లగా కనిపిస్తాయి. 1985 అక్టోబరు 26న ఈ నేలను ప్రభుత్వం ఇక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు తిరిగి అప్పగించింది. సరిగ్గా 34 ఏళ్ళకు, 2019 అక్టోబరు 26న, రాయి ఎక్కడాన్ని శాశ్వతంగా మానిపించారు. ఎక్కొద్దని వాళ్ళు అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా వేడుకుంటూ ఉన్నారు. కొన్ని చోట్ల ఫొటోలు తీయొద్దని బోర్డులుంటాయి. గర్భగుడిలో కెమెరా తీయకూడదని మన పిల్లలకు ఎలా చెబుతామో ఇక్కడా అలాగే చెప్పాలి. ఈ నేల అసలు ఏ ఆదివాసులదన్న సంగతి మన సిటీ సభల మొదట్లో రెండు వాక్యాల్లో చదివేసి ముందుకెళ్తాం. ఇక్కడ ఆ మనుషుల మధ్యే, వాళ్ళ భాష వింటూ తెలుసుకోవచ్చు.

"మళ్ళీ ఎప్పుడొస్తారో ఏమో, అన్నీ చూపించేద్దాం" అంటారు. ఈ మాట వెనకున్న ప్రేమను నేను కాదనను. అమ్మానాన్నల వయసు, వాళ్ళ ఆరోగ్యం తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. కానీ డెబ్బై ఏళ్ళ మనిషిని మూడు రోజులకో మంచం మార్పించి, నాలుగు ఎయిర్‌పోర్టుల్లో బూట్లు విప్పించి మనం ఇస్తున్నది అలసటే. మనముండే ఊరు వాళ్ళు ఎలాగూ చూస్తారు, మన ఇంట్లోనే ఉంటారు కదా. ఆ ఊరూ, ఇంకో మూల, అంతే. ఖర్చు మాట నిజం. ఉలూరు పక్కనున్న యులారాలో గదులు తక్కువ, అద్దెలు బాగా ఎక్కువ. అయితే ఐదుగురున్న కుటుంబానికి మూడు ఊళ్ళ విమానాలు మానేస్తే మిగిలే డబ్బు చిన్నదేమీ కాదు. అక్కడ టెంట్లూ క్యాబిన్లూ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ కూడా ఉంది.

కారు విషయంలో మాత్రం మొహమాటాలొద్దు. పొద్దుగూకే వేళకు ఎక్కడో ఒక చోట ఆగిపోవాలి. సంధ్యవేళల్లోనే కంగారూలు రోడ్డెక్కుతాయి, అద్దె కార్ల ఒప్పందాల్లో చాలావాటిలో ఆ ప్రాంతాల్లో రాత్రి ప్రయాణానికి ఇన్సూరెన్సు వర్తించదు. మట్టి రోడ్ల సంగతీ అంతే, సంతకం పెట్టే ముందు చదవండి. అమెరికా నుంచి వచ్చిన అన్నయ్య ఎంత బాగా నడిపినా వచ్చిన రోజే తాళాలివ్వకండి, అక్కడ కుడి వైపు నడపడం అలవాటు. చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాపులు ముందే దించుకోండి, మనిషికి సరిపడా నీళ్ళు డిక్కీలో ఉంచుకోండి.

కాగితాల పని ఒక్క మాటలో చెబుతాను. వీసా చూసేది పాస్‌పోర్టును, గ్రీన్ కార్డును కాదు. అమెరికా పాస్‌పోర్టున్న పిల్లలకు ఫోన్ యాప్‌లోనే ఈటీఏ అనే ఎలక్ట్రానిక్ అనుమతి వస్తుంది. అదే ఇంట్లో ఇండియా పాస్‌పోర్టున్న తల్లిదండ్రులు సబ్‌క్లాస్ 600 అనే విజిటర్ వీసాకు వేరుగా దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి వ్యవధి పడుతుంది. అందరికీ ఒకేలా ఉంటుందనుకుని టికెట్లు ముందే కొనేయొద్దని వాళ్ళకు చెప్పండి. తినేవి, గింజలు, చెక్కబొమ్మలు ఏం తెస్తున్నా దిగేటప్పుడు నింపే కార్డులో రాయమనండి. రాసి చూపిస్తే మహా అయితే తీసేసుకుంటారు, దాస్తే జరిమానా వేస్తారు.

వచ్చే జూన్, జూలైల్లో మీ ఇంటికి ఎవరైనా వస్తుంటే ముందు యులారాలో గది దొరుకుతుందో లేదో చూసి, ఆ తేదీలను బట్టి ఆలిస్ స్ప్రింగ్స్‌కు విమానం, ఆ తర్వాతే కారు మాట్లాడండి. ఇక్కడి స్కూల్ సెలవులు కూడా అప్పుడే పడతాయి కాబట్టి గదులు త్వరగా అయిపోతాయి. ఎడారి రాత్రుళ్ళు సున్నాకు దగ్గరగా దిగుతాయి, స్వెట్టర్లు తెచ్చుకోమని ఊళ్ళో ఉన్నప్పుడే ఫోన్ చేసి చెప్పండి.