తికమక లెక్కలు

‘100 మీటర్ల దారి వెంట 10 మీటర్లకొకటి చొప్పున మొక్కలు నాటాలంటే ఎన్ని మొక్కలు కావాలి?’ ప్రాథమిక తరగతుల హోంవర్క్ మొదలు పోటీ పరీక్షల దాకా ఏదో ఒక వేషంలో ఎదురయ్యే లెక్క ఇది. చాలామంది పిల్లలు వందను పదితో భాగించి 10 అని రాసేస్తారు. దారి మొదట్లో కూడా ఒక మొక్క ఉండాలి కదా అనుకున్న అమ్మాయి 11 అంటుంది. రెండు చివర్లా గేట్లుంటాయి, అక్కడ నాటితే నడవడానికి అడ్డం అనుకున్న అబ్బాయికి 9 వస్తుంది. దారి అన్నాక రెండు పక్కలా నాటరా అని అడిగేవాడికి 22. ఈ చివరి ముగ్గురిలో ఎవరినీ కాదనే మాట ప్రశ్నలో ఒక్కటీ లేదు. గైడులో జవాబు మాత్రం 11. అంతే, మిగతావాళ్ల నోటు పుస్తకాల్లో ఎర్ర ఇంకుతో ఇంటూ మార్కు పడుతుంది. గేట్ల గురించి ఆలోచించిన పిల్లాడికీ, ఏమీ ఆలోచించకుండా భాగించేసిన పిల్లాడికీ ఒకటే శిక్ష.

రాత్రి తొమ్మిది దాటాక తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ టెన్షన్ ఎలా ఉంటుందో పిల్లలున్న ఇళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ‘ఏడో లెక్కకు ఆన్సర్ ఎంతండీ?’ అని ఒకరు అడుగుతారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నాన్న ఒకటి చెబితే, బ్యాంకులో పనిచేసే అమ్మ ఇంకొకటి చెబుతారు. చివరికి ఎవరో పుణ్యాత్ములు గైడు పేజీ ఫొటో తీసి పెడతారు. అందరూ అదే ఎక్కించుకుని పడుకుంటారు. గైడు ముఖం చూడని, ఇంట్లో చదువుకున్నవాళ్లు లేని పిల్లలు మర్నాడు క్లాసులో నిలబడతారు.

ఇలాంటి లెక్కలు ఏరాలంటే ఎక్కువ వెతకనక్కర్లేదు. ‘రాము దగ్గర 5 గోళీలున్నాయి. సోము దగ్గర అంతకంటే మూడు రెట్లు ఎక్కువ ఉన్నాయి’ అంటే సోము దగ్గర ఉన్నవి 15 గోళీలా, 20 గోళీలా? పెద్దవాళ్లను నలుగురిని కూర్చోబెట్టి అడిగినా ఒక మాట మీద నిలబడరు. ‘కేకులో రాధ సగం, గీత మూడో వంతు తిన్నారు’ అన్నప్పుడు గీత తిన్నది మొత్తం కేకులో మూడో వంతైతే మిగిలింది ఆరో వంతు. రాధ తినగా ఉన్నదాంట్లో అయితే మిగిలింది మూడో వంతు. ‘ముగ్గురు పిల్లలకు ఆరు చాక్లెట్లు ఇచ్చారు’ అన్న వాక్యం మరీ విడ్డూరం. మొత్తం ఆరా, తలా ఆరా? తలా ఆరు అని చెప్పదలిస్తే ‘ఆరేసి’ అంటే సరిపోయేది. అన్నం వడ్డించేటప్పుడు, పప్పుబెల్లాలు పంచేటప్పుడు మన ఇళ్లలో ఇంత తేటగా పలికే మాట లెక్కల పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఎందుకో మాయమవుతుంది. ఇంగ్లిష్ వాక్యాన్ని ముందు పెట్టుకుని మాటకు మాట దించేయడమే ఇందుకు ఒక కారణమని మా అనుమానం. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు పిల్లలకు రెండు భాషల పుస్తకాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ అంతకు ముందే ఆ దారి పట్టింది. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో తెలుగు ఉండటం నిజానికి మంచి అవకాశం. ఒకచోట అర్థం కానిది రెండోచోట విడిపోవాలి. రెండు పేజీలూ ఒకేలా తికమకపెడితే ఆ పుస్తకం బరువు తప్ప ఇంకేం మిగలదు.

పాత ప్రశ్నలో అంకెలు మాత్రం మార్చి కొత్త పేపరు తయారుచేసే అలవాటు కూడా తక్కువేమీ కాదు. అందుకే అప్పుడప్పుడూ ఏడున్నరమంది కూలీలు కాలవ తవ్వుతుంటారు. ఫేస్‌బుక్‌లో పదే పదే తిరిగే 8÷2(2+2) సంగతీ ఇంతే. 2019లో దీని మీద ప్రపంచమంతా 16 అనీ 1 అనీ కొట్టుకుంది. కాలిక్యులేటర్లు కూడా రెండు పార్టీలుగా చీలాయి. ఇంకో బ్రాకెట్ పెట్టి ఉంటే గొడవే లేదు.

ప్రశ్న సరిగా లేనప్పుడు పిల్లలు ఏం చేస్తారన్నది ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో గణిత బోధన మీద పనిచేసే పరిశోధకులు 1980 ప్రాంతంలో పరీక్షించి చూశారు. ‘పడవలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?’ అని ప్రాథమిక తరగతుల పిల్లలు 97 మందిని అడిగితే 76 మంది ఇచ్చిన అంకెలతోనే ఏదో ఒక జవాబు తేల్చారు. గొర్రెలకూ వయసుకూ సంబంధమేమిటని అడగడం వాళ్లకు తట్టలేదు. తట్టినా అడిగే ధైర్యం లేదు. 2018లో చైనాలోని షున్‌చింగ్ జిల్లాలో అయిదో తరగతి పరీక్షలో దాదాపు ఇదే ప్రశ్న ఇచ్చి, పిల్లల ఆలోచనను పరీక్షించడానికే ఇచ్చామని అధికారులు సమర్థించుకున్నారు. అది నిజమే కావచ్చు. కానీ ఏడాది పొడవునా అడ్డు ప్రశ్నలు వెయ్యొద్దని చెప్పి, పరీక్షలో మాత్రం అడ్డు ప్రశ్న వేసి తీరాలనడం ఏం న్యాయం?

మా అభ్యంతరం తికమక ప్రశ్నల మీద కన్నా, వాటికి ఒక్కటే జవాబుందని పట్టుబట్టే పద్ధతి మీదే ఎక్కువ. ఎంత జాగ్రత్తగా రాసినా ఎక్కడో ఒక మాట జారుతుంది, అది క్షమించదగ్గదే. ఇన్ని సెక్షన్ల పేపర్లు, ఇన్ని కట్టల హోంవర్క్ దిద్దే టీచర్లు ప్రతి జవాబు వెనకా ఉన్న ఆలోచనను తవ్వి చూడలేరన్నదీ కాదనలేం. అయితే ‘సార్, ఒక పక్కే నాటాలా?’ అని లేచి అడిగిన పిల్లను ‘ఇచ్చింది చెయ్యి’ అని కూర్చోబెట్టడానికి పని భారం సాకు కాలేదు. అలా నాలుగుసార్లు కూర్చోబెడితే ఆ పిల్ల లెక్క చేయడం మానేసి, సారు మనసులో ఏ జవాబుందో ఊహించడం నేర్చుకుంటుంది. పదో తరగతికి వచ్చేసరికి ఆ విద్యలో ఆరితేరిపోతుంది.

పరీక్షలు పెట్టే పెద్ద సంస్థలు కూడా పిల్లల మాట వినాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. అమెరికాలో కాలేజీ ప్రవేశాల కోసం 1982 మేలో జరిగిన శాట్ పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. చిన్న వృత్తం వ్యాసార్థం పెద్ద వృత్తంలో మూడో వంతు. అది పెద్ద వృత్తం బయటి అంచు వెంట దొర్లుతూ బయల్దేరిన చోటికే వస్తే తన చుట్టూ తాను ఎన్ని చుట్లు తిరిగినట్టు? ప్రశ్న ఇచ్చినవారి లెక్క 3. నిజానికి 4 అవుతుంది, కావాలంటే ఒక రూపాయి బిళ్లను ఇంకో రూపాయి బిళ్ల అంచు వెంట దొర్లించి చూసుకోవచ్చు. అవి సమానం కాబట్టి ఒక చుట్టే రావాలి, వచ్చేది రెండు. ఆ 4 ఇచ్చిన ఆప్షన్లలోనే లేదు. దాదాపు మూడు లక్షల మంది రాస్తే ముగ్గురు విద్యార్థులు తప్పుందని ఉత్తరం రాశారు. సంస్థ ఒప్పుకుంది, ఆ ప్రశ్న తీసేసి అందరి మార్కులూ మళ్లీ లెక్కగట్టింది.

మన దగ్గర అదే పని సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2024 నీట్‌లో పరమాణువుల మీద ఇచ్చిన ప్రశ్న లెక్కలది కాదు గానీ, చిక్కు మాత్రం ఇదే. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రకారం ఒక జవాబు, కొత్త పుస్తకం ప్రకారం మరొకటి. ముందు రెండింటికీ మార్కులిచ్చారు. కోర్టు అడిగితే ఢిల్లీ ఐఐటీ నిపుణులు ఒక్కటే సరైనదని తేల్చారు. నాలుగు లక్షల మందికి పైగా అయిదేసి మార్కులు పోయాయి, 61 మంది ఫస్ట్ ర్యాంకర్లు 17 మందికి తగ్గిపోయారు. ఇక జేఈఈ మెయిన్‌లో కీ తప్పని చెప్పాలంటే ప్రశ్నకు 200 రూపాయలు కట్టాలి. తప్పు చేసినవాళ్లు కాక, దాన్ని చూపించే పిల్లలు డబ్బు కట్టడం ఏ లెక్క ప్రకారమో మాకు అంతుబట్టదు.

పెద్ద పరీక్షల సంగతి పక్కన పెడితే, బడి హోంవర్క్‌ను బాగుచేయడానికి కోర్టులూ అక్కర్లేదు, కమిటీలూ అక్కర్లేదు. జవాబు పైన ‘దారికి ఒక పక్కే, రెండు చివర్లా నాటారనుకుంటే’ అని ఒక వరుస రాసి, దాని ప్రకారం లెక్క సరిగా చేసిన పిల్లలకు పూర్తి మార్కులు వేయొచ్చని విద్యాశాఖలు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీలు పుస్తకం అచ్చుకు పంపే ముందు ప్రతి పద సమస్యనూ అయిదారుగురు పిల్లల చేత చేయించి చూడాలి. జవాబులు రెండు రకాలుగా వస్తే తిరగరాయాల్సింది ఆ వాక్యాన్నే. అచ్చయ్యాక బయటపడే తప్పుల్ని చెప్పడానికి ఒక ఫోన్ నంబరు పుస్తకం వెనక అట్ట మీద వేయాలి. ఆ నంబరుకు ఫోన్ చేసింది నాలుగో తరగతి పిల్లే అయినా సరే, అవతల ఎత్తిన మనిషి ఆ ప్రశ్న చదివి చూడాలి.