గ్రీన్ టీ గారికి, కాఫీ డబ్బా తరఫున

గ్రీన్ టీ గారూ,

టోక్యో నిషి కసాయ్ నుంచి నమస్కారాలు. మీతో పేచీ పెట్టుకునేంతవాణ్ణి కాను. మీ వంశం పెద్దది. 1211లోనే ఎయిసాయ్ అనే బౌద్ధ సన్యాసి మీ గుణగణాల మీద ఏకంగా పుస్తకం రాశాడు. మూడేళ్ళకు జపాన్ సేనాధిపతి, అంటే షోగన్, సానెతొమో రాత్రి తాగింది దిగక తల పట్టుకుని కూర్చుంటే, మిమ్మల్నే ఒక గిన్నెడు పోసి, ఆ పుస్తకం కూడా చేతిలో పెట్టాడట. హ్యాంగోవర్ మందుగా దర్బారులో అడుగుపెట్టిన మీరు ఇవాళ దీర్ఘాయువుకే బ్రాండ్ అంబాసిడర్.

నా గొడవల్లా మా అమ్మతో. వీడియో కాల్ చేసిన ప్రతిసారీ అదే పాట. "వాళ్ళు గ్రీన్ టీ తాగబట్టే నూరేళ్ళు బతుకుతున్నార్రా, నువ్వేమో ఆ కాఫీ మానవు."

సరే, లెక్క చూద్దాం. 2009లో ఇక్కడి పరిశోధకులు జపాన్ వాళ్ళు రోజూ తాగేవన్నీ ముందు పెట్టుకుని, దేంట్లో ఎంత పాలీఫినాల్ (మొక్కల్లో ఉండి, ఒంటికి మంచిదని చెప్పుకునే పదార్థం) ఉందో కొలిచారు. 100 మిల్లీలీటర్ల కాఫీలో సుమారు 200 మిల్లీగ్రాములు. మీలో సుమారు 115. పానీయాల ద్వారా వీళ్ళ ఒంట్లోకి చేరే పాలీఫినాల్‌లో పెద్ద వాటా కాఫీదే, మీది రెండో స్థానం. అయినా ప్యాకెట్ మీద పచ్చటి కొండలు, కిమోనోలు, మౌనం, ధ్యానం అన్నీ మీకే. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదండీ!

కాఫీ పడే చాకిరీ మీరెప్పుడైనా చూశారా? జనవరి రాత్రి, ఆఖరి రైలు దిగి వస్తుంటే మా సందు మొదట్లో వెండింగ్ మెషీన్ ఒక్కటే మేలుకుని ఉంటుంది. చల్లటివాటి కింద నీలం పట్టీ, వేడివాటి కింద ఎర్ర పట్టీ. నాణేలు వేసి ఎర్ర పట్టీ మీది బటన్ నొక్కితే కింద ధడేల్‌మని డబ్బా పడుతుంది. చెయ్యి కాలుతుంది. వెంటనే తాగరు ఎవరూ. ముందు కోటు జేబులో పెట్టుకుని వేళ్ళు కాచుకుంటారు, ఆ తర్వాతే మూత తీస్తారు. 1969లో యూసీసీ అనే జపాన్ కాఫీ కంపెనీ వాళ్ళు పాల కాఫీని డబ్బాకెక్కించారు. ఆ తర్వాత వేడి డబ్బాల మెషీన్లు వచ్చినప్పటి నుంచి ఇదే కొలువు. దానికి కిమోనో ఎవరూ కట్టలేదు. (అందులో పంచదార మాట ఇప్పుడెత్తకండి, నా వాదన పాడవుతుంది.)

ఇంకో చిత్రం. పాలీఫినాల్ అంటే ఏదో అనుకుంటాం గానీ, నాలుకకు తెలిసేది వగరే. జామపిందె, వక్క, నేరేడు, అన్నిట్లో ఆ బాపతే. మీలో ఉండే పాలీఫినాల్ కాటెచిన్‌కి పేరు కూడా మా కిళ్ళీలో రాసే కాచు నుంచి వచ్చిందే. జపాన్ వాళ్ళు వగరుని 'షిబుయ్' అంటారు, నిండైన అభిరుచి ఉన్న మనిషిని మెచ్చుకోడానికీ అదే మాట. మాకు వగరు నోటి వరకే, మనిషిలో ఉంటే పొగరంటాం. మరి మీ ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైన గ్యొకురో రకం టీ సంగతేమిటి? నీడలో పెంచుతారు కాబట్టి కాటెచిన్లు తగ్గి తియ్యదనం పెరుగుతుంది. అంటే డబ్బులు పెట్టేకొద్దీ ఆరోగ్యం తగ్గుతుందన్నమాట. ఎక్కడా విన్లేదండీ ఈ వ్యాపారం.

ఇక్కడి మియాగి రాష్ట్రంలో 40 వేల మందిని 11 ఏళ్ళు గమనించిన అధ్యయనం 2006లో వచ్చింది. రోజుకి ఐదు కప్పులో అంతకుమించో మిమ్మల్ని తాగినవాళ్ళలో మరణాలు తక్కువని తేలింది. కాదనను. కానీ రోజుకి ఐదుసార్లు తీరిగ్గా టీ కాచుకునే మనిషికి మా మేనేజర్‌లాంటి మేనేజర్ ఉండి ఉండడని నా అనుమానం.

పోయిన ఏడాది రాజమండ్రి వెళ్తూ మిమ్మల్ని రెండు ప్యాకెట్లు తీసుకెళ్ళాను. డెబ్బై, ఎనభై డిగ్రీల నీళ్ళలో ఒక్క నిమిషం ఉంచితే చాలని అమ్మకు చెప్పాను. అమ్మ తలూపి, గిన్నెలో వేసి తెర్లించింది. అల్లం దంచింది. పాలు పోసింది. మూడు చెంచాల పంచదార. నేను లబోదిబోమన్నాను గానీ, నీళ్ళు ఎంత మరిగితే కాటెచిన్లు అంత ఎక్కువ దిగుతాయని తర్వాత తెలిసింది. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు.

నిన్న ఫోన్ చేసి మళ్ళీ రెండు ప్యాకెట్లు పంపమంది. అల్లం వద్దట, తన దగ్గరుందట.

ఇట్లు,
ఎర్ర పట్టీ బటన్ ముందు నిలబడ్డ మీ శ్రేయోభిలాషి