సిబ్బందికి ఒక్కరోజు ఉపన్యాసం చాలదు

జూన్‌లో బడి తెరిచే ముందు సిబ్బందికి ఒకరోజు ఆధ్యాత్మిక సదస్సు పెట్టడం కథోలిక పాఠశాలల్లో కొత్తేమీ కాదు. బయటి నుంచి వక్త వస్తారు, రెండు గంటలు మాట్లాడతారు, భోజనాలవుతాయి, మధ్యాహ్నం టైంటేబుళ్లు పంచుతారు. మళ్లీ ఆ ఊసు ఏడాది దాకా ఉండదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇలా సరిపెడుతున్న యాజమాన్యాలకు మా సూచన ఒక్కటే. ఆ సమయాన్ని వారానికి పాతిక నిమిషాలుగా మార్చండి, దాన్ని పనివేళల్లోనే పెట్టండి. 35 పనివారాలు లెక్కేసినా అది 14 గంటలు దాటుతుంది.

కథోలిక పాఠశాల లక్ష్యాలు నెరవేరడం దాదాపు పూర్తిగా ఉపాధ్యాయుల మీదే ఆధారపడి ఉందని ప్రపంచ కథోలిక బిషప్పుల సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబర్ 28న వెలువరించిన విద్యా ప్రకటన చెప్పింది. ఉపాధ్యాయులు క్రీస్తు సందేశాన్ని మాటల్లోనే గాక తమ ప్రవర్తనలోని ప్రతి కదలికలోనూ చూపాలని 1977లో వాటికన్ విద్యా విభాగం స్పష్టం చేసింది. ఫీజు బాకీ ఉన్న పిల్లవాణ్ణి ఏ గొంతుతో లేపి నిలబెట్టారో, సున్నా వచ్చిన పేపరును ఎలా చేతికిచ్చారో తరగతి మొత్తం చూస్తుంది. ఆ తీరు వక్త మాటలతో మారేది కాదు. వారం వారం ఆగి తనను తాను చూసుకునే అలవాటుతోనే మారుతుంది.

అలవాటు పడాలంటే ఏర్పాటు సరిగ్గా ఉండాలి. నలభై మంది సిబ్బంది ఉన్న బడిలో ఎనిమిదేసి మందితో ఐదు బృందాలు చేసి, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొక బృందాన్ని కూర్చోబెట్టాలి. ఎనిమిది మందికి మించితే అందరికీ మాట్లాడే వంతు రాదు. వేళకు మూడో పీరియడ్ మేలు. బస్సు డ్రైవర్లకు పొద్దున ట్రిప్పుకూ సాయంత్రం ట్రిప్పుకూ మధ్యే వీలు, మధ్యాహ్న భోజనం వేళ ఆయాలకు చిన్నపిల్లలతోనే సరిపోతుంది. ప్రతి బృందంలో ఒక ఆయా, ఒక డ్రైవరో గుమాస్తానో ఉండి తీరాలి. తొలి గంటకు ముందు బస్సెక్కే పిల్లవాడికి ఎదురయ్యే మొదటి మనిషి డ్రైవరే కదా.

పాతిక నిమిషాలు ఇలా గడవాలి: రెండు నిమిషాలు మౌనం. ఒక చిన్న సువార్త భాగం నెమ్మదిగా రెండుసార్లు, రెండు వేర్వేరు గొంతులతో, ఐదు నిమిషాలు. మళ్లీ నాలుగు నిమిషాలు మౌనం. తర్వాత ఒక్కొక్కరు తనను తాకిన మాట ఒక్క వాక్యంలో చెప్పాలి, దానిపై ఎవరూ వ్యాఖ్యానించకూడదు. మిగిలిన సమయం బడికి సంబంధించిన ఒకే ప్రశ్నకు. ఎమ్మావు అనే ఊరి దారిలో జరిగిన ఘట్టాన్నే తీసుకుందాం (లూకా 24:13–35). అది పొడుగైనది కాబట్టి మూడు వారాలకు పంచాలి. దిగులుతో నడిచిపోతున్న ఇద్దరు శిష్యులతో యేసు కలిసి నడుస్తూ మొదట బోధించలేదు. ఏం మాట్లాడుకుంటున్నారని అడిగి, వాళ్లు చెప్పిందంతా విన్నాడు. లేఖనాల వివరణ ఆ తర్వాతే. దానికి ప్రశ్న: ఈ వారం ఏ పిల్లవాడి జవాబును మధ్యలోనే ఆపేశాం?

ఈ బృందాలు చెడిపోయే దారులు కూడా చెప్పాలి. మౌనం ఇబ్బందిగా అనిపించి నడిపేవారు మాటలతో నింపేస్తారు, నెల తిరిగేసరికి అది మళ్లీ ఉపన్యాసమే. ఆంగ్ల మాధ్యమ బడి కాబట్టి ఆంగ్లంలోనే చదివితే ఆయా తల దించుకుని కూర్చుంటుంది. తెలుగులోనే చదవాలి, నగరి, సత్యవేడు వైపు బడుల్లో ఒకసారి తమిళంలోనూ చదివితే ఇంకా మంచిది. బృందంలో చెప్పుకున్న ఇంటి కష్టం సాయంత్రానికి కరస్పాండెంట్ గదికి చేరితే ఆ తర్వాత ఎవరూ నోరు విప్పరు. అందుకే నడిపే బాధ్యత ప్రిన్సిపల్‌కు ఇవ్వకూడదు, హాజరును పనితీరు నివేదికలో రాయకూడదు.

మన ప్రాంతపు కథోలిక బడుల్లో హిందూ, ముస్లిం ఉపాధ్యాయులూ పనిచేస్తారు. వాళ్లకు ఇది ఆహ్వానంగానే ఉండాలి. రానివారు ఆ సమయం గ్రంథాలయంలో గడిపితే ఎవరూ వేలెత్తి చూపకూడదు. గుర్తింపు లేదా ప్రభుత్వ సాయం ఉన్న విద్యాసంస్థకు వచ్చేవారిని సమ్మతి లేకుండా మతబోధకు, ఆరాధనకు రప్పించరాదని రాజ్యాంగం 28(3) అధికరణ చెబుతోంది. ఇతర మతాల విద్యార్థులపై క్రైస్తవ సంప్రదాయాలు రుద్దవద్దని, అసెంబ్లీలో రాజ్యాంగ ప్రవేశిక చదివించాలని భారత కథోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 2024లో తన విద్యాసంస్థలకు సూచించింది. సిబ్బంది విషయంలోనూ అదే మర్యాద పాటించాలి. అయ్యప్ప మాల వేసుకుని నల్లబట్టల్లో వచ్చే సారును ఆగమన కాలంలో, అంటే క్రిస్మస్‌కు ముందు వారాల్లో, ఆ బడి ఎలా పలకరిస్తుందన్నది కూడా ఆధ్యాత్మిక శిక్షణలో భాగమే.

కథోలిక సిబ్బందికి ఇంకొంత లోతు అవసరం. పునీత ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన ఆత్మపరిశోధన ఐదు మెట్లది: కృతజ్ఞత, వెలుగు కోసం ప్రార్థన, రోజును మొదటి నుంచి తిరిగి చూసుకోవడం, పశ్చాత్తాపం, రేపటి నిశ్చయం. ఉపాధ్యాయులు రోజును పీరియడ్ల వారీగా చూసుకుంటే పది నిమిషాల్లో అయిపోతుంది. ఏడాదికొక రిట్రీట్, అంటే పనులు పక్కనపెట్టి ప్రార్థనలో గడిపే రోజు, కూడా ఉండాలి. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో పెడితే పదో తరగతి పరీక్షల ఒత్తిడిలో సగం మంది మనసు అక్కడ ఉండదు. నవంబర్ చివర్లో, పనిదినాన పెట్టాలి. ప్రసంగాలు అరగంట చొప్పున రెండు చాలు, మిగతాది మౌనానికీ, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికీ. పాపసంకీర్తనం వినే గురువు (ఫాదర్) మాత్రం బయటివారై ఉండాలి. ఒకే ఆవరణలో ఉండే విద్యార్థుల పాపసంకీర్తనాలను, వాళ్లంతట వాళ్లు కోరితే తప్ప, విద్యాలయాధిపతి వినరాదని చర్చి చట్టం 985వ సూత్రం. కరస్పాండెంటే గురువైన చోట జీతం తీసుకునేవారికి ఆ రక్షణ ఇంకా అవసరం.

నడిపేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్న ఉంది. చిత్తూరు ప్రాంతం 1976లో ఏర్పడిన కడప మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) కిందిది. విచారణ (పారిష్) పనుల్లో ఉన్న గురువులు వారానికి ఐదు రోజులు బడికి రాలేరు. బడికి ఇద్దరిని, వారిలో ఒకరు బోధనేతర సిబ్బంది అయ్యేలా ఎంచుకుని, వేసవి సెలవుల్లో మూడు రోజులు మేత్రాసనమే శిక్షణ ఇవ్వాలి. ఆ రోజులకు భత్యం బడి చెల్లించాలి. సువార్త భాగం ఎంచుకోవడం, మౌనాన్ని భరించడం, ఎవరైనా కన్నీళ్లు పెట్టుకుంటే సలహా ఇవ్వకుండా పక్కన కూర్చోవడం ఆ మూడు రోజుల్లో నేర్పాలి.